రంగం దారి మరిచిపోతే ఎలా?

ఆమదాలవలస, కొత్తవలస, జొన్నవలస. మన ఊళ్ల పేర్లలోనే వలస ఉంది. ఎప్పుడో, ఎక్కడి నుంచో మూటాముల్లె నెత్తిన పెట్టుకుని వచ్చినవాళ్లు నాలుగు పాకలు వేసుకుని నిలబడితే ఊరైంది. మళ్లీ ఆ ఊళ్ల నుంచే మనుషులు బయల్దేరారు. రంగం వెళ్లారు, బెంగాల్‌లో ఖరగ్‌పూర్ రైల్వేకి వెళ్లారు, టీటాగఢ్ జూట్ మిల్లులకి వెళ్లారు, అండమాన్ వెళ్లారు. ఇప్పుడు గుజరాత్‌లోని వీరావల్, చెన్నై, దుబాయ్, డాలస్ వెళ్తున్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బయట ఊళ్లో మనిషి లేని కుటుంబం దొరకడం కష్టం. అందుకే పరాయివాణ్ని తరిమేయాలన్న మాట లోకంలో ఎక్కడ వినిపించినా అది మన పిల్లల్ని అన్నట్టే మా పత్రికకు వినిపిస్తుంది. యుద్ధం రావాలన్న మాట కూడా అంతే.

రంగం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలు చాలామందికి తెలీదు. రంగూన్‌ని మన తాతలు రంగం అనేవారు. భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి వెళ్లి అక్కడ బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రేవులో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు. బర్మా వాళ్లు మనవాళ్లని కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు కూలీలు రంగం రేవులో సమ్మె కట్టారు. ఓడల్లో సరుకు ఎగుమతి దిగుమతి చేయించే కంపెనీలు బర్మా కూలీలను ఆ పనిలోకి దించాయి. సమ్మె తీరగానే ఇక మీరు పొండని వాళ్లని గెంటేశాయి. ఆ కడుపుమంట మే 26న మనవాళ్ల మీదికి తిరిగింది. కొద్ది రోజుల్లోనే వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. ఇద్దరి నోరూ కొట్టింది కంపెనీలు. కత్తులు దూసుకున్నది మాత్రం కూలీలు.

పదకొండేళ్ల తర్వాత యుద్ధం వచ్చింది. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు దొరికినవాళ్లు దొరికినట్టు ఎక్కేశారు. దొరకనివాళ్లు నడిచారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, కొందరు మణిపూర్ వైపు, కొందరు ఇంకా పైన అస్సాం అడవుల వైపు. అలా బర్మా వదిలి వచ్చిన భారతీయులు నాలుగైదు లక్షలని అంచనా. కలరా, మలేరియా, ఆకలి తీసుకుపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. దారి పొడవునా చంటిపిల్లల్ని, ముసలివాళ్లని వదిలి నడవాల్సి వచ్చింది. ప్రాణాలు దక్కించుకుని ఇంటికి చేరితే ఇక్కడా బాంబులే. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు దాడి చేశాయి. 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు లాక్కున్నాక మరోసారి ఓడలు నిండాయి. విశాఖలోని బర్మా క్యాంప్ అలా వచ్చినవాళ్లదే.

అప్పుడు మనవాళ్లని కాపాడింది ఎవరు? ప్రభుత్వం ఆలస్యంగా కదిలింది. అస్సాం తేయాకు తోటల సంఘం తన కూలీలను పంపి అడవుల్లో దారులు వేయించింది, మజిలీ మజిలీకీ శిబిరాలు పెట్టి గంజి, టీ పోయించింది. మార్వాడీ రిలీఫ్ సొసైటీ లాంటి సంస్థలు బట్టలిచ్చి, తిండి పెట్టి, రైలెక్కించాయి. శిబిరాల్లో పొయ్యి రాజేసిన ఆ తోట కూలీలు కూడా ఛోటానాగ్‌పూర్ నుంచి, మన వైపు నుంచి వలసపోయిన ఆదివాసుల బిడ్డలే. వాళ్ల చేతి గంజి తాగి బతికిన కుటుంబాలు ఉత్తరాంధ్రలో ఎన్నో ఉన్నాయి.

ఇక మన కాలానికి వద్దాం. 2018 నవంబర్ చివర్లో వీరావల్ నుంచి వేటకెళ్లిన మన జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి చిక్కారు. నీళ్ల మీద గీత కనబడదు. వల లాగే హడావిడిలో, గాలివాటులో బోటు ఎటు పోయిందో బోటు నడిపించే తండేలుకే తెలియని పరిస్థితి ఉంటుంది. వాళ్లని కరాచీ మలీర్ జైల్లో పెట్టారు. వాళ్లు లోపల ఉండగానే 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో మన జవాన్ల మీద దాడి, 26న బాలాకోట్ మీద మన విమానాల దాడి. టీవీలన్నీ యుద్ధం యుద్ధమని కేకలు వేస్తున్న ఆ రోజుల్లో మన తీరంలోని మత్స్యలేశం, బడివానిపేట లాంటి ఊళ్లలో ఆడవాళ్లు నిద్రపోలేదు. యుద్ధమొస్తే లోపలున్న మనిషి గతేంటి? దేశమంతా ఒక టెన్షన్‌లో ఉంటే ఈ ఇళ్లది ఇంకో టెన్షన్. ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. చంకలో పిల్లని వేసుకుని, చేతిలో అర్జీ పట్టుకుని ఆఫీసులు, నాయకుల చుట్టూ తిరిగినవాళ్లు ఆ తల్లులు, ఆ భార్యలే. 2020 జనవరి 6న 20 మంది వాఘా గేటు దాటి మన నేల మీద అడుగుపెట్టారు.

ఆ విడుదల వెనక ప్రభుత్వాల మధ్య చర్చలు ఉన్నాయి, కాదనం. అయితే మత్స్యకారుల గోడు ప్రభుత్వాల చెవిన పడేదాకా ఏళ్ల తరబడి అరిచినవాళ్లు వేరే ఉన్నారు. 1994లో మొదలైన పాకిస్తాన్-ఇండియా పీపుల్స్ ఫోరం ఫర్ పీస్ అండ్ డెమోక్రసీ, మన వైపు నేషనల్ ఫిష్‌వర్కర్స్ ఫోరం, అటువైపు పాకిస్తాన్ ఫిషర్‌ఫోక్ ఫోరం. రెండు దేశాల్లోనూ వీళ్లని దేశద్రోహులు అన్నారు. అయినా శిక్ష పూర్తయిన జాలరిని ఇంకా జైల్లో ఎందుకు ఉంచారని రెండు వైపులా అడుగుతూనే ఉన్నారు. మలీర్ నుంచి విడుదలైన మన జాలర్లని కరాచీ నుంచి లాహోర్ దాకా పంపే ఖర్చు చాలాసార్లు అక్కడి ఈధీ ఫౌండేషన్ పెట్టుకుంది. చేతిలో కొంత డబ్బు, ఇంట్లో పిల్లలకని కానుకల సంచి పెట్టి రైలెక్కించింది. శత్రుదేశం అని మనం నోరారా తిట్టే చోట అబ్దుల్ సత్తార్ ఈధీ అనే ఆయన పెట్టిన ధర్మసంస్థ చేసిన పని ఇది. మన తీరం ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

యుద్ధాన్ని వ్యతిరేకించడం, వలస వచ్చినవాణ్ని కాపాడటం వేర్వేరు పనులు కావని అమెరికాలో ఒక చిన్న చర్చి నలభై ఏళ్ల కిందటే చూపించింది. 1980లలో ఎల్ సాల్వడార్, గ్వాటెమాల దేశాల్లో అంతర్యుద్ధం. అక్కడి సైన్యాలకు ఆయుధాలు, డబ్బు ఇచ్చింది అమెరికా ప్రభుత్వమే. ఆ సైన్యాలకు భయపడి పారిపోయి వచ్చినవాళ్లని శరణార్థులు కాదు పొమ్మన్నదీ ఆ ప్రభుత్వమే. 1984లో ఆ రెండు దేశాల వాళ్ల దరఖాస్తుల్లో నూటికి మూడు కూడా ఒప్పుకోలేదు. ఆయుధాలు పంపొద్దని అమెరికా అధ్యక్షుడికి ఉత్తరం రాసిన సాల్వడార్ ఆర్చిబిషప్ రొమేరోని 1980 మార్చి 24న ప్రార్థన చేయిస్తుండగా కాల్చి చంపారు. సరిగ్గా రెండేళ్లకి, అదే తేదీన, ఆరిజోనాలోని టూసాన్‌లో సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి పాస్టర్ జాన్ ఫైఫ్, ఆయన సంఘం తమ చర్చి శరణాలయమని బాహాటంగా ప్రకటించారు. కొద్ది ఏళ్లలో అలాంటి చర్చిలు, యూదుల ప్రార్థనాలయాలు వందల్లో అయ్యాయి. వంటింట్లో చాపలు పరిచారు, పిల్లల్ని బడికి పంపారు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కార్లలో చేరవేశారు. 1986లో ఎనిమిది మందికి కోర్టులో నేరం రుజువైంది. అయినా జైలుశిక్ష వేయలేదు. మీ బాంబులు ఆపండి, వాళ్లు మా గుమ్మం దాకా రారు అని చెప్పే హక్కు ఆ చాపలు పరిచినవాళ్లకి ఉంది.

2026 జనవరిలో అమెరికాలోని మినియాపోలిస్‌లో జనం చేసిందీ ఇలాంటిదే. ఇమ్మిగ్రేషన్ అధికారులు ముసుగులతో వీధుల్లోకి దిగితే, ఇరుగుపొరుగు వాళ్లు మెడలో విజిళ్లు వేసుకుని కాపలా కాశారు. బండి కనబడితే విజిల్. ఆ చప్పుడు వినగానే లోపలివాళ్లు తలుపులు వేసుకునేవారు, బయటివాళ్లు ఫోన్లు తీసి వీడియోలు పట్టేవారు. బయటికి రాలేని ఇళ్లకి కూరగాయలు, పాలు చేరవేశారు. పిల్లల్ని బడికి తోడుగా తీసుకెళ్లారు. ఆ నెలలో ఆ అధికారుల తూటాలకి ఇద్దరు బలయ్యారు. ఒకరు ముగ్గురు పిల్లల తల్లి, ఇంకొకరు ఐసీయూ నర్సు. ఇద్దరూ అక్కడి పౌరులే. గడ్డకట్టే చలిలో అయినా జనం వేలల్లో రోడ్డు మీదికి వచ్చారు.

మనకి సంబంధం లేదనుకుందామా? 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయుల్ని చేతులకి, కాళ్లకి గొలుసులు వేసి సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దింపినప్పుడు మనకి ఒళ్లు మండింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతలో మా దేశం నుంచి పో అని అరుస్తూ ఒక తెలుగు ఇంజనీర్‌ని కాల్చి చంపినప్పుడు ప్రతి తల్లీ కొడుక్కి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ బార్‌లోనే కూర్చున్న ఇరవై నాలుగేళ్ల అమెరికా కుర్రాడు ఒకడు ఆ హంతకుణ్ని పట్టుకోబోయి తానూ తూటా తిన్నాడు. అరచేతిలోంచి దూరిన గుండు ఛాతీలోకి పోయింది. ముక్కూమొహం తెలియని మన పిల్లల కోసం లేచాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు ఇల్లు కొనుక్కోమని అతనికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. చాలా మంచి పని చేశారు.

ఇప్పుడు మన ఊళ్లలోకి చూద్దాం. పలాస, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లలో ఒడిశా నుంచి దిగే కుటుంబాలు ఇటుక బట్టీలకి వస్తాయి. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో, భోగాపురం విమానాశ్రయం పనుల్లో హిందీ, బెంగాలీ, ఒడియా మాట్లాడే కుర్రాళ్లు ఉన్నారు. రేకుల షెడ్డులో పదిమంది, ఒక్క బల్బు, తాడు మీద ఆరేసిన బట్టలు, మూలన ఫోన్‌లో ఇంటివాళ్లతో వీడియో కాల్. చెన్నైలో మనవాళ్లు ఉండేది ఇలాంటి షెడ్లలోనే. 2014 జూన్ 28న మౌలివాకంలో పదకొండంతస్తుల కట్టడం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో మన రెండు జిల్లాల కూలీలు చాలామంది. శవాల కోసం ఎదురుచూసిన ఊళ్లకి ఈ షెడ్డులో ఉన్నవాడి బతుకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అయినా అనుమానం ఎంత సులభంగా పుడుతుందో చూశాం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని వాట్సాప్‌లో ఒక పుకారు తిరిగితే, తెలుగు రాష్ట్రాల్లో భాష రాని బిచ్చగాళ్లని, మతిస్థిమితం లేనివాళ్లని కట్టేసి కొట్టారు. ప్రాణాలు పోయాయి. 2025లో కొన్ని రాష్ట్రాల్లో బెంగాలీ మాట్లాడే కూలీలని బంగ్లాదేశీలంటూ నిర్బంధించారు. కొందరు మన పౌరుల్నే సరిహద్దు అవతలికి నెట్టేసి, తర్వాత వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఖరగ్‌పూర్‌లో, టీటాగఢ్‌లో మన తాతలకి అన్నం పెట్టిన భాష అది. ఆ భాష మాట్లాడినందుకు ఒక మనిషిని మన వీధిలో నిలదీసే రోజు రాకూడదు. వస్తే అడ్డం పడాల్సింది పోలీసుల కంటే ముందు ఆ వీధివాళ్లు.

అంతటి మనసు మనవాళ్లకి ఉంది. 2020 లాక్‌డౌన్‌లో జాతీయ రహదారి 16 మీద ఇచ్ఛాపురం వైపు నడుస్తున్న కూలీలకి ఎవరూ చెప్పకుండానే మనవాళ్లు మజ్జిగ, పులిహోర పొట్లాలు, చెప్పులు పంచారు. అదే రోజుల్లో మన మత్స్యకారులు వేలమంది వీరావల్‌లో బోట్ల మీదే చిక్కుకుపోయారు. ఆ రహదారి మీద చేసిన పనిని ఇప్పుడు ఊరికొక ఏర్పాటుగా నిలబెట్టాలి. గ్రామసభలో బయట నుంచి వచ్చిన కూలీల పేర్లు రాసుకోవాలి. వాళ్లని పట్టివ్వడానికి కాదు, కూలి ఎగ్గొడితే, ప్రమాదం జరిగితే నిలబడటానికి. వలస కూలీల చట్టం 1979లో ఐదుగురు ఉన్న ముఠాకీ వర్తించేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో ఆ హద్దు పదిమందికి పెరిగింది. చిన్న ముఠాలు చట్టం కంటికి ఆనవు. అవి ఊరి కంటికైనా ఆనాలి. బట్టీ పిల్లల్ని పక్క బడిలో కూర్చోబెట్టే మాస్టారు, కూలీకి జ్వరమొస్తే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లే కుర్రాడు, పుకారు వస్తే గ్రూపులో ఇది అబద్ధం అని మొదట రాసే మనిషి. వీళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, ఒకరికొకరు తెలియాలి అంతే.

యుద్ధం వద్దంటే సైనికుణ్ని కించపరిచినట్టు అవుతుందని కొందరంటారు. ఈ జిల్లాల్లో సైన్యంలోకి పిల్లల్ని పంపిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. జెండా చుట్టిన పెట్టె ఇంటి ముందు దిగితే ఆ వీధి ఎలా ఉంటుందో స్టూడియోలో కూర్చుని యుద్ధం కోరేవాళ్లకి తెలీదు, ఆ ఊళ్లకి తెలుసు. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దని వందల నగరాల్లో లక్షలాది మంది నడిచారు. యుద్ధం ఆగలేదు. అయినా ఆ నడిచినవాళ్ల మాటే నిజమని తర్వాత తేలింది. ఆ మాట ముందుగా అనడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

2008 ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్‌లు ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశం వాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. లోపలి పేజీల్లో మూలన రెండు వాక్యాలుగా వచ్చే వార్త అది. ఇకమీదట ఆ రెండు రోజులూ ఆ సంఖ్యలు మా పత్రిక మొదటి పేజీలో ఉంటాయి. అక్కడున్న మన జాలర్లు ఎందరో, ఇక్కడ మన జైళ్లలో ఉన్న వాళ్ల జాలర్లు ఎందరో, రెండూ పక్కపక్కన వేస్తాం.