పొడి ప్రింటరు గారికి, పన్ను కట్టించుకున్న పౌరుడి లేఖ

మహారాజశ్రీ పొడి ప్రింటరు గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి నమస్కారాలు. సంక్రాంతికి మా అత్తగారు చేసిన చెగోడీ కొరికితే నా దవడ పన్ను విరిగింది. (తప్పు చెగోడీది. అత్తగారిది కాదు. ఈ లేఖ ఆవిడ కూడా చదువుతారు.) రూట్ కెనాల్ అయ్యాక డాక్టరు గారు, "క్యాప్ వేద్దాం. లోపలి లోహం కోబాల్ట్ క్రోమ్ పొడితో లేజర్ మిషన్‌లో చేయిస్తాం, బటన్ నొక్కితే వచ్చేస్తుంది" అన్నారు. నొక్కారు. వారం పట్టింది. ఆ మిషన్ తమరేనట, పొడిని పొర మీద పొరగా కరిగించి వస్తువు చేసే 3D ప్రింటరు. ఆ వారమంతా ఒక పక్కనే నములుతూ తమరి జాతకం తిరగేశాను.

అయ్యా, గుంటూరోడికి పొడి గురించి చెప్పడమా! కందిపొడి, నల్లకారం, నువ్వులపొడి సీసాల మధ్య పెరిగినవాణ్ణి. కానీ తమరి పొడి తీరే వేరు. కరిగిన లోహపు ధార మీద ఆర్గాన్ లాంటి గ్యాసును జోరుగా కొడితే తుంపరలై, గాల్లోనే గడ్డకడుతుందట. ఆవాల్లా గుండ్రంగా, వెంట్రుక మందం కన్నా సన్నగా. గుండ్రంగా లేకపోతే సరిగ్గా జారదు. మా మిల్లు కారం గరిటె మీద గుట్టలా నిలబడుతుంది, పొడిని పరిచే తమరి బ్లేడు కింద ఒక్క పొరైనా సమంగా పరుచుకోదు. అక్కడ ఓడిపోయాం, ఒప్పుకుంటున్నాను.

ఇక పని. పళ్లెం మీద 0.03 మిల్లీమీటరు అటూఇటూగా ఒక పొర పరుస్తారు. అందులో పన్ను ఆకారం ఉన్నంత మేర లేజర్ కరిగిస్తుంది. పళ్లెం ఆ పొరంత కిందికి దిగుతుంది, మళ్లీ పొడి. సెంటీమీటరు ఎత్తుకు ఇలా 300 సార్ల పైమాటే! ఆక్సిజన్ తగలకూడదని చుట్టూ నైట్రోజనో ఆర్గానో. వేడికి వంకర పోకుండా కింద కాళ్లు కట్టి పళ్లేనికి అతికించాలి. తర్వాత కొలిమిలో పెట్టాలి, కాళ్లు కోయాలి, సాన పట్టాలి, పైన పింగాణీ వేయాలి. మరి ఆ బటన్ దేనికండీ?

లోహానికి బదులు నైలాన్ పొడితో వస్తువులు చేసే తమరి అన్నగారు, నైలాన్ మిషన్, కాస్త నయం. 1980ల్లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో కార్ల్ డెకార్డ్ అనే విద్యార్థికి వచ్చిన ఆలోచన అది, ప్రొఫెసర్ జో బీమన్ అండగా నిలిచారు. (మన దగ్గరైతే ముందు అటెండెన్స్ అడిగేవాళ్లు.) అందులో వాడే నైలాన్ 12 అనే రకం ప్లాస్టిక్ సుమారు 180 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకు కాస్త తక్కువ వేడిలో పొడినంతా ఉంచి, కావలసిన చోటే లేజర్ తగిలిస్తారు. కరగని పొడే వస్తువుకు పరుపు, కాళ్లు అక్కర్లేదు. కాకపోతే అయిపోయాక గంటల తరబడి చల్లారనివ్వాలి. ఆత్రపడి తీస్తే వస్తువు వంకర. మా ఆవకాయ జాడీకి కూడా ఇంత మడి లేదు! మిగిలిన పొడి ఆ వేడికి వయసు మళ్లుతుంది కాబట్టి జల్లించి, కొత్తది కలిపి వాడతారట. పాత కారంలో కొత్త కారం కలిపితే మా ఊళ్లో కల్తీ అంటారు. తమరు చేస్తే రీసైక్లింగ్.

సరే, క్యాప్ బాగానే కూర్చుంది. ఉగాదికి అత్తగారు మళ్లీ చెగోడీలు పంపుతున్నారు. తమరి పొడి గట్టిదో, ఆవిడ పిండి గట్టిదో తేలేదాకా ఇంకో క్యాప్‌కు సరిపడా పొడి జల్లించి ఉంచగలరు.

ఇట్లు,
పన్ను సకాలంలో కట్టించుకున్న పౌరుడు