కూలేదాకా చూస్తూ కూర్చుంటే ఎలా?

వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్ పాతబస్తీలో పాత గోడలు కూలిన వార్తలు రాయవలసి రావడం పత్రికలకు ఏటా తప్పడం లేదు. వయసు మీరి కూలాయనడం అధికారులకు అలవాటైంది కానీ, అది నిజం కాదు. మిద్దె మీది తూము పూడుకుపోతుంది. నిలిచిన నీరు డంగుసున్నం పూతలోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది. పిట్ట జారవిడిచిన విత్తనం ఆ పగుల్లో రావి మొక్కై మొలుస్తుంది. జానెడు ఉన్నప్పుడు చేత్తో పీకేయగలిగిన ఆ మొక్కను పదేళ్లు వదిలేస్తే వేళ్లు రాళ్లను విడదీస్తాయి. మరమ్మతు పేరిట పైన సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారిలేక గోడ మరింత వేగంగా కుళ్లుతుంది. ఆఖరున ఒకరోజు ‘ప్రమాదకర భవనం’ అన్న నోటీసు గోడకెక్కుతుంది. హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడి (నవాబుల కాలపు భవంతి) వంటి మహాసౌధం కూడా ఏళ్ల తరబడి ఆలనాపాలనా లేకే శిథిలమైంది.

ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం కథా ఇదే. ఆంగ్లేయ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రూపకల్పనలో, ఏడో నిజాం హయాంలో మూసీ ఒడ్డున వెలసిన ఆ భవనంలోకి 2020 జులై వానలకు నీరు చేరడంతో రోగులను తరలించి తాళం వేశారు. కొత్త ఆస్పత్రికి గోషామహల్‌లో స్థలం చూపి 2025 జనవరిలో శంకుస్థాపన చేయడం మంచి నిర్ణయం. పేద రోగికి మెరుగైన వైద్యం అందాలన్న విషయంలో రెండో మాట లేదు. అయితే ఖాళీ అయిన పాత భవనాన్ని ఎప్పటిలోగా, ఏ నిధులతో బాగుచేస్తారో ప్రభుత్వం ఇప్పుడే చెప్పాలి. మనుషులు మసలని కట్టడం ఎంత త్వరగా పాడవుతుందో ఈ నగరానికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

చట్టాల సంగతి చూస్తే, హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) రోజుల నాటి, వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న 13వ నిబంధన 2015లో రద్దయింది. 2017లో రాష్ట్రం కొత్త వారసత్వ చట్టం తెచ్చుకుంది. అయినా ఎర్రమంజిల్ భవనాన్ని కాపాడుకోవడానికి పౌరులు హైకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. 2019లో న్యాయస్థానం ప్రభుత్వ కూల్చివేత నిర్ణయాన్ని కొట్టివేయకుంటే అది నేడు ఫొటోల్లోనే మిగిలేది.

చేయాలన్న మనసుంటే ఏమవుతుందో కూడా ఈ నగరమే చూపింది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేశాక అక్కడ వ్యాపారం ఆగలేదు సరికదా, సాయంత్రమైతే కుటుంబాలు ఐస్‌క్రీం తింటూ ఆ రాతి కమానుల ముందు కూర్చుంటున్నాయి. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావి 2022లో మళ్లీ నీటితో కళకళలాడింది.

ఒక్కో కట్టడాన్ని విడిగా కాపాడితే చాలదన్నది మా ప్రధాన ఆందోళన. లాడ్‌బజార్ గాజుల దుకాణాలు, వాటి పైన చెక్క కిటికీల ఇళ్లు, దేవిడీల కమాను గుమ్మాలు లేని చార్మినార్ వాహనాల నడుమ నిలిచిన ఒంటరి రాతి కట్టడమే అవుతుంది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రో రావలసిందే. ఆ సౌకర్యం పాతబస్తీకి ఇప్పటికే ఆలస్యమైంది. కానీ రహదారి విస్తరణలో ఏ ముఖద్వారం పోతుందో, ఏది నిలుస్తుందో ముందుగా ప్రజల ముందు పెట్టాలి. 1908 మూసీ వరదల తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ బజారు వీధిని విశాలం చేస్తూనే ఇరువైపులా రాతి కమానుల దుకాణాలు కట్టించింది. అప్పటి ఇంజినీర్లకు సాధ్యమైంది ఇప్పటివారికి అసాధ్యం కాకూడదు.

భారమంతా యజమానుల మీదే వేయడం కూడా అన్యాయం. పది మంది వారసుల మధ్య చిక్కుకున్న ఇంటికి సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతికి, కూలి చెల్లించి బాగుచేయించడం సామాన్య కుటుంబానికి తలకు మించిన పని. ఆస్తి పన్నులో మినహాయింపు, మరమ్మతుకు సాయం, అభివృద్ధి హక్కుల బదిలీ (తమ స్థలంలో కట్టుకోలేని మేరకు నిర్మాణ హక్కును వేరేచోట వాడుకునే లేదా అమ్ముకునే వీలు) వారికి సులువుగా అందాలి. వచ్చే వానలలోపు జీహెచ్‌ఎంసీ బస్తీల వారీగా పాత కట్టడాల జాబితా ప్రకటించి, కనీసం ప్రభుత్వ అధీనంలో ఉన్నవాటి తూములు శుభ్రం చేయించి, గోడల్లో మొలిచిన రావి మొక్కలను పీకించాలి.