సముద్రం ఒడ్డున బొమ్మ పూర్తి చేయకండి

చలికాలం మొదలైతే చాలు, ఆర్టిస్టుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: "ఈ శని, ఆదివారాలు వైజాగ్ పోదాం, బీచ్‌లో కూర్చుని బొమ్మలేద్దాం." పోవాల్సిందే. కాకపోతే పోయొచ్చిన బృందాల్లో చాలావాటికి మిగిలేది నాలుగు రీల్స్, ఒక గ్రూప్ ఫొటో, సగంలో వదిలేసిన ఒక నీలం కాగితం. గది ఎక్కడ తీసుకుందాం, రొయ్యల వేపుడు ఎక్కడ బాగుంటుంది, గిటారు ఎవరు తెస్తున్నారు అని పది రోజులు చర్చిస్తారు. వెలుగు ఏ వైపు నుంచి పడుతుంది, గాలి ఎన్నింటికి లేస్తుంది అని ఒక్కరూ అడగరు.

నేను చెప్పేది కొంచెం కటువుగా ఉంటుంది. రెండు రోజుల్లో సముద్రం ఒడ్డున కూర్చుని ఫ్రేము కట్టించుకునే బొమ్మ వేసేద్దాం అనుకోవడం అత్యాశ. అక్కడ చేయాల్సింది రంగులతో నోట్సు రాసుకోవడం. పోస్టుకార్డుకి రెండింతలుండే కాగితం, ఒక్కోదానికి ఇరవై నిమిషాలు, పూటకి నాలుగైదు. పెద్ద బొమ్మ ఇంటికెళ్లాక తీరిగ్గా వేసుకోవచ్చు.

లెక్క వేసి చూడండి. శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం పొద్దున దిగుతారు. గది, స్నానం, టిఫిన్ అయ్యేసరికి ఎండ నెత్తికెక్కుతుంది, ఆ పూట పోయినట్టే. ఆదివారం సాయంత్రం మళ్లీ రైలు. అంటే మీ చేతిలో ఉన్నవి శనివారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఒక పూట, ఆదివారం ఉదయం ఒక పూట. ఈ రెండు పూటల్లో ఫుల్ షీటు, అంటే 22 బై 30 అంగుళాల కాగితం పరిచేవాళ్లని చూస్తే జాలేస్తుంది. కాగితం మీద వేసిన ఆకాశం ఆరేలోపు వెలుగు మారిపోతుంది.

మన తీరం తూర్పు ముఖంగా ఉంటుంది. ఇది అందరికీ తెలుసు, బొమ్మ దగ్గరికొచ్చేసరికి మరిచిపోతారు. పొద్దున సూర్యుడు సముద్రం మీద, మన కళ్లలోకి కొడుతూ ఉంటాడు. అప్పుడు మనవైపు వచ్చే అల ముఖం నీడలో ఉంటుంది. విరిగే ముందు పైన పలచబడ్డ అంచులోంచి వెలుతురు దూరి లేతాకుపచ్చగా మెరుస్తుంది. నురగ తెల్లగా ఉండదు, నీలం కలిసిన బూడిద రంగులో ఉంటుంది. దాన్ని తెల్ల కాగితంగా వదిలేస్తే ఆ బొమ్మలో పొద్దు కనిపించదు. మధ్యాహ్నం మూడు దాటాక అంతా తలకిందులవుతుంది. సూర్యుడు మన వెనక, కొండల వైపు. అల ముఖానికి నేరుగా వెలుగు తగులుతుంది, నురగ నిజంగానే తెల్లబడుతుంది, నీళ్లు ముదురుతాయి. కాగితాన్ని తెల్లగా వదలాల్సింది అప్పుడే. డిసెంబరులో వైజాగ్‌లో 5:30 లోపే సూర్యాస్తమయం, కొండల నీడ ఇసుక మీదికి అంతకన్నా ముందే వచ్చేస్తుంది. నాలుగున్నరకి టీ తాగి బయల్దేరితే మీకు దొరికేది నీడే. మూడింటికల్లా పలక మీద కాగితం బిగించి ఉండాలి.

సూర్యోదయాన్ని వదిలేయండి అంటే కొట్టడానికొస్తారు. అది ఐదు నిమిషాలకోసారి మారిపోయే దృశ్యం, చేయి తిరిగినవాళ్లకే కష్టం. కావాలంటే రంగులు మాత్రం చుక్కలుగా ఒక మూల పెట్టుకుని, సూర్యుడు జానెడు పైకొచ్చాక పని మొదలుపెట్టండి. అప్పుడైనా నేరుగా సముద్రంలోకి కాకుండా ఒడ్డు పొడవునా ఉత్తరానికో దక్షిణానికో చూడండి. అల ముఖం, తడి ఇసుక, వెనకాల కొండ మూడూ ఒకే చూపులోకి వస్తాయి.

క్షితిజరేఖ గురించి ఒక మాట. అది ఎప్పుడూ మన కంటి ఎత్తులోనే ఉంటుంది. ఇసుక మీద చతికిలబడితే సముద్రమంతా రెండు వేళ్ల మందం పట్టీగా నొక్కుకుపోతుంది, అలలు ఒకదాని మీద ఒకటి అతుక్కుపోతాయి. నిలబడితే కాస్త విచ్చుకుంటుంది. ఒడ్డు పక్కనే ఉన్న తొట్లకొండ మీదికెక్కితే పూర్తిగా పరుచుకుని, నురగ గీతలు ఒడ్డుని ఎలా అనుసరిస్తున్నాయో కనిపిస్తుంది. కూర్చున్న చోటు మార్చకుండా "సముద్రం కుదరట్లేదు" అనుకోవడం దండగ. ఆ గీత మాత్రం వంకర పోకూడదు, మాస్కింగ్ టేపు ఒక పట్టీ అంటించి మొదలుపెట్టండి.

రంగు సంగతి. ట్యూబులో నీలం ఉంది కదా అని కాగితం నిండా పూయకండి. భీమిలి వైపు ఒడ్డు దగ్గర నీళ్లలో ఇసుక కలిసి గోధుమ కలిసిన ఆకుపచ్చ, ఇంకాస్త లోపలికి బూడిద ఆకుపచ్చ, క్షితిజం దగ్గరే ముదురు నీలం. అల్ట్రామెరీన్, సెరూలియన్, రా సియన్నా, బర్న్ట్ సియన్నా, ఇండియన్ రెడ్, ఒక నిమ్మపసుపు. ఈ ఆరుతో తీరమంతా అయిపోతుంది. అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియన్నా కలిపితే రాళ్లకీ మబ్బులకీ కావలసిన బూడిద రంగులన్నీ వస్తాయి. అక్కడి ఇసుక కూడా ఒకే రంగు కాదు. ఇల్మెనైట్ అనే ఖనిజం వల్ల నల్లటి చారలు, గార్నెట్ అనే ఖనిజం వల్ల ఎర్రటి చారలు, అల వెనక్కి తగ్గినప్పుడల్లా కొత్త ముగ్గు పెట్టినట్టు కనిపిస్తాయి. చెత్త అనుకుని వాటిని వదిలేసేవాళ్లే ఎక్కువ.

వాటర్‌కలర్ వాళ్లకి అసలు శత్రువు తేమ. హైదరాబాద్‌లో ఐదు నిమిషాల్లో ఆరే వాష్, అంటే నీళ్లెక్కువ కలిపి పరిచిన రంగు పొర, తెల్లవారుజామున తీరంలో పావుగంటకీ ఆరదు. ఆరిందనుకుని రెండో పొర వేస్తే పువ్వులా విచ్చుకున్న మచ్చలు పడతాయి. వేళ్ల వెనక వైపు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. మందు ఒకటే: మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని వంతులవారీగా వేయడం. మధ్యాహ్నం సమస్య తిరగబడుతుంది. ఎండ, గాలి కలిసి కుంచె లాగుతుండగానే వాష్ ఆరి గట్టి అంచులు పడతాయి. మందంగా ఉండే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) కాటన్ కాగితాన్ని రెండు వైపులా బాగా తడిపి ప్లాస్టిక్ పలక మీద పరిస్తే దానంతటదే అతుక్కుంటుంది, చాలాసేపు తడి నిలుస్తుంది, గాలికీ లేవదు. మామూలు స్కెచ్ పుస్తకం కాగితంతో ఈ పని చేయకండి, ఉబ్బి గుంటలు పడి రంగంతా అక్కడే చేరుతుంది.

ఇంకొకటి ఉంది, దాని దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. "సముద్రపు నీళ్లతోనే వేశాం" అని క్యాప్షన్లు. లీటరుకి సుమారు 30 గ్రాముల ఉప్పున్న నీళ్లవి. రంగు ఆరాక ఆ ఉప్పు కాగితంలోనే ఉండిపోతుంది, వానాకాలం వస్తే గాల్లో తేమంతా లాగి కాగితాన్ని మెత్తబరుస్తుంది. కుంచె జుట్టుని పట్టి ఉంచే లోహపు గొట్టాన్నీ తినేస్తుంది. తడి వాష్ మీద ఉప్పు కళ్లు చల్లి, ఆరాక దులిపేసే పద్ధతి వేరు, దీనికీ దానికీ సంబంధం లేదు. మనిషికి పూటకొక లీటరు మంచినీళ్లు మోసుకెళ్లండి.

ఆక్రిలిక్ వాళ్లు పాలెట్‌లో, అంటే రంగులు కలుపుకునే పళ్లెంలో, తడి గుడ్డ పరిచి దాని మీద బటర్ పేపర్ వేసుకోండి, లేకపోతే రంగు నిమిషాల్లో తోలు కడుతుంది. ఆయిల్ వాళ్లకి సలహా: వద్దు. టర్పెంటైన్ రైల్లో నిషేధం, తడి బొమ్మకి ఇసుక అంటుకుంటుంది. అంటుకుందే అనుకోండి, అప్పుడే గోటితో గీకకండి. పూర్తిగా ఆరాక పొడి కుంచెతో దులిపితే చాలావరకు రాలిపోతుంది.

గాలి పొద్దున నెమ్మదిగా ఉండి, ఎండెక్కేకొద్దీ సముద్రం మీద నుంచి బలంగా లేస్తుంది. ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) మధ్యలో సంచి కట్టి ఇసుక నింపండి. సంచి నేలకి ఆనేలా ఉండాలి, గాల్లో ఊగితే ఈజిల్‌ని అదే పడేస్తుంది. ఎర్ర గొడుగు కింద కూర్చుంటే కాగితమంతా ఎర్రగా కనిపించి రంగులు తప్పుతాయి, తెల్లదో బూడిద రంగుదో ఉండాలి. నల్ల కళ్లద్దాలు తీసేసి టోపీ పెట్టుకోండి. కాగితం మీద నేరుగా ఎండ పడనీయకండి. ఆ మెరుపులో ప్రతి రంగూ లేతగా తోచి ముదురు వేసేస్తారు, గదిలోకొచ్చి చూస్తే బొమ్మంతా మసి.

మంగమారిపేట శిలాతోరణం దగ్గర ఆటుపోటు వేళలు చూసుకోకుండా దిగకండి. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, శనివారం చూసిన వేళ ఆదివారానికి పనికిరాదు. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే అంతటివాడే 1885 నవంబరులో ఫ్రాన్స్‌లోని ఎత్రెతా తీరంలో పోటు లెక్క తప్పి, అల కొడితే కొండకి గుద్దుకుని ఈజిల్, కాన్వాసు పోగొట్టుకున్నాడు. అలలంటే భయపడేవాళ్లు భీమిలిలో గోస్తనీ నది కలిసే చోటుకి వెళ్లండి. నిలకడ నీళ్లు, ఇసుక మేటలు, ప్రతిబింబాలు, చేయి సాగడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల నుంచి "సహజ రంగు చేసుకుంటాం" అని సంచులు నింపుకునే ఆర్టిస్టులున్నారు. సిగ్గుపడాల్సిన పని. 2014లో జాతీయ భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించిన చోటది. ఎర్ర రంగే కావాలంటే బజార్లో జేగురు దొరుకుతుంది. నీళ్లలో కలిపి, ఒక నిమిషం ఆగి, పైన తేలిన ఎర్రనీళ్లు వేరే గిన్నెలోకి వంచుకుని రాత్రంతా ఉంచితే అడుక్కి మెత్తటి రంగు దిగుతుంది. తుమ్మ జిగురు నీళ్లు, రెండు చుక్కల తేనె కలిపి గాజు పలక మీద నూరుకోండి. దిబ్బల అంచున మాత్రం కూర్చోవద్దు, విరిగిపడతాయి. నీడల్లో ఎరుపు కన్నా ఊదా ఎక్కువ కనిపిస్తుంది, గమనించండి.

జాలరిపేటలో బొమ్మలేయాలంటే ముందు అడగండి. ఆరేసిన వల తొక్కొద్దు, చెప్పులతో పడవ ఎక్కొద్దు, అలివి వల లాగుతున్నప్పుడు తాడుకి అడ్డంగా ఈజిల్ పెట్టొద్దు. అది వాళ్ల పూట కూడు. చేపల వేటకి నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు పడవలన్నీ కట్టేసే ఉంటాయి. పడవలే వేయాలనుకునేవాళ్లకి అదే అదను, ఎండ ఓర్చుకోగలిగితే.

బృందం ఆరుగురు దాటకూడదు. పదిహేనుమంది అయితే అది విహారయాత్ర. గీస్తున్నంతసేపు ఎవరూ ఎవరికీ పాఠం చెప్పకూడదు, వీడియో తీయకూడదు. రాత్రి గదిలో ఒకే తెల్ల లైటు కింద అందరి కాగితాలూ నేల మీద పరిచి, పది నిమిషాలు నోరు విప్పకుండా చూడండి. తర్వాత ఒక్కొక్కరూ వేరేవాళ్ల కాగితాల్లో ఒకటి ఎంచి, అందులో ఏది పనిచేసిందో చెప్పాలి. "సూపర్ అన్నా" అన్నవాళ్లు మర్నాడు టీ ఖర్చు పెట్టుకోవాలి.

మూడో గ్లాసు దగ్గర ఎవరో ఒకరు "మనమూ ఒక చోళమండలం పెట్టేద్దాం" అంటారు. 1966లో మద్రాసు శివార్లలో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో ఆ ఆర్టిస్టుల ఊరు మొదలుపెట్టినవాళ్లు బాతిక్ గుడ్డలు, చేతిపనులు చేసి అమ్మి కూడబెట్టిన డబ్బుతో స్థలం కొన్నారు. ముందు ఆ రోజు టాక్సీ డబ్బులు అందరూ ఇచ్చారో లేదో చూడండి.

ఇక తిరుగు ప్రయాణం. ప్రతి కాగితం వెనకా వేళ, చూసిన దిక్కు, సముద్రం పోటులో ఉందా ఆటులో ఉందా అన్నది పెన్సిల్‌తో రాయండి. ఇంట్లో పెద్ద బొమ్మకి ఫొటో కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. కుంచెలు మంచినీళ్లతో కడిగి పడుకోబెట్టి ఆరబెట్టండి. ఈజిల్ కాళ్లు పూర్తిగా బయటికి లాగి, కీళ్లలో ఇసుక పోయేదాకా కడగండి. అలాగే మడిచేస్తే వచ్చేసారి మరలు తిరగవు, అప్పుడు నన్ను ట్యాగ్ చేయొద్దు.