ఎండ ఉంటేనే ఫొటోలా?

వానాకాలంలో సూర్యలంక బీచ్‌కి, ఉండవల్లి గుహలకి వెళ్తే ఫొటోలు సరిగా రావు, డిసెంబర్ దాకా ఆగండి అని ఎవరో రాశారు, నేను మాత్రం ఒప్పుకోను. మాది విజయవాడే. ఎండలో ఎప్పుడు వెళ్లినా ఉండవల్లి బయట తెల్లగా మండిపోతుంది, లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి చీకట్లో కలిసిపోతాడు. అదే మొన్న జులైలో మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాక చూడాలి, ఆ ఇసుకరాయి తడికి రంగు ముదిరి ఉలి గాట్లు కూడా విడివిడిగా కనిపించాయి. సూర్యలంకలో సమస్య వాన కాదండీ, గాలికి లెన్స్ మీద పడే ఉప్పు తుంపర. దాన్ని చొక్కా అంచుతో తుడిచి లెన్స్ ముందు బిగించే ఫిల్టర్ అద్దం మీద గీత పెట్టుకున్నవాణ్ణి నేనే (మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది). ముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి కొట్టే రబ్బరు బుడ్డి) ఊది, తర్వాత తడిగుడ్డతో తుడవాలి. ఇంకోటి, ఏసీ కారు దిగగానే కెమెరా బయటకి తీయకండి, లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, కాసేపు బ్యాగులోనే ఉంచండి.