వెల్డర్లు ఎక్కడ?

అణుశక్తితో నడిచే జలాంతర్గాములు కట్టుకుంటామని ఏ దేశం ప్రకటించినా ముందుగా రెండు అంకెలు వినిపిస్తాయి. ఎన్ని కడతారు, ఎంత ఖర్చవుతుంది. ఆ ఉక్కును అతికేవాళ్లు ఎంతమంది ఉన్నారన్న మూడో అంకె మాత్రం ఎవరి నోటా రాదు. మా దృష్టిలో ముందు చెప్పాల్సింది అదే.

ఇవాళ ఇలాంటి జలాంతర్గాములను నడుపుతున్నవి అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా, భారత్ మాత్రమే. రియాక్టర్ గుట్టు తెలియకే మిగతావాళ్లు ఆగిపోయారని అనుకుంటాం. అది సగం నిజం. మిగతా సగం షిప్‌యార్డులో ఉంది. జలాంతర్గామి దేహం కోసం తెచ్చిన మందపాటి ఉక్కును ముందు వేడి చేయాలి. ఆ వేడి తగ్గకుండా పొర మీద పొరగా వెల్డింగ్ చేసుకుంటూ రావాలి. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. లోపల చిన్న పగులు కనిపించినా అక్కడికి తవ్వి మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. లోపలి పైపుల దగ్గరైతే కొన్నిచోట్ల తల కూడా దూరదు. అద్దంలో చూస్తూ అతుకు వేయాలి. ఈ పని పుస్తకం చదివితే రాదు, పక్కన నిలబడి చూపించే మేస్త్రీ ఉండాలి.

ఆ మేస్త్రీలను పోగొట్టుకుంటే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగియగానే ఆర్డర్లు తగ్గాయి. 1990లో జలాంతర్గాములు కట్టే బారో షిప్‌యార్డులో దాదాపు 14,500 మంది ఉండేవారు. 1995 నాటికి 6 వేల మంది కూడా మిగల్లేదు. ఖజానాకు అప్పట్లో అది పొదుపుగానే కనిపించి ఉంటుంది. 1997లో అస్ట్యూట్ తరగతి అణు జలాంతర్గాములకు ఆర్డరిచ్చి చూస్తే డిజైన్ చేసేవాళ్లూ చాలరు, కట్టేవాళ్లూ చాలరు. చివరికి అమెరికాలో జలాంతర్గాములు కట్టే ఎలక్ట్రిక్ బోట్ కంపెనీ ఇంజినీర్లను సాయానికి పిలుచుకోవాల్సి వచ్చింది. 2005లో రావాల్సిన మొదటి పడవ 2010లో నౌకాదళంలో చేరింది.

చేతిపని తప్పితే ఎంత మూల్యం చెల్లించాలో అమెరికాకు ముందే తెలుసు. 1963 ఏప్రిల్ 10న ఆ దేశపు అణు జలాంతర్గామి థ్రెషర్ మునిగి 129 మంది చనిపోయారు. సముద్రపు నీటి పైపులో ఒక అతుకు విడిపోయి ఉంటుందని దర్యాప్తు భావించింది. ఆ తర్వాత వచ్చిందే సబ్‌సేఫ్ పద్ధతి. ప్రాణం ఆధారపడే ప్రతి భాగానికీ ఎవరు చేశారు, ఎవరు పరీక్షించారు అన్న కాగితం ఉండాలి. ఆ సర్టిఫికెట్ పొందిన జలాంతర్గామి ఒక్కటీ ఇంతవరకు మునగలేదు.

అయితే కాగితం కూడా మనిషి రాసేదే కదా. జలాంతర్గాముల కోసం ఉక్కు పోత పోసే ఒక అమెరికన్ ఫౌండ్రీలో దశాబ్దాల పాటు పరీక్ష ఫలితాలను దిద్దారని తర్వాత బయటపడింది. మైనస్ 73 డిగ్రీల చలిలో పరీక్ష చేయాలన్న నిబంధన తెలివితక్కువదని అనిపించి కొన్నింటిని పాస్ చేశానని, అందుకు బాధ్యురాలైన ఉద్యోగి చెప్పారట. ఇన్‌స్పెక్టర్ జీతం దగ్గర పొదుపు చూపించాలనుకునే ప్రభుత్వాలు ఈ ఒక్క కేసు ఫైలు తిరగేస్తే చాలు.

ఇప్పుడు ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికాల రక్షణ ఒప్పందం ఆకస్ సంగతి. 2021లో ప్రకటించిన ఈ ఒప్పందం కింద ఆస్ట్రేలియాకు 2030ల మొదట్లో అమెరికా కనీసం మూడు వర్జీనియా తరగతి అణు జలాంతర్గాములు అమ్మాలి. తన అవసరాలతో పాటు ఈ మాట కూడా నిలబెట్టుకోవాలంటే ఏటా 2.33 పడవలు కట్టాలని అమెరికా నౌకాదళం లెక్క. కడుతున్నది సుమారు 1.2. డబ్బు లేక కాదు, షిప్‌యార్డులకూ సరఫరాదారులకూ చాలినంత మంది దొరక్క. ఈ తేడాను ఎలా పూడుస్తారో మూడు ప్రభుత్వాలూ ఏటా తమ చట్టసభల ముందు అంకెలతో చెప్పాలి. ఎంతమందిని చేర్చుకున్నారు, ఎంతమంది మానేశారు, ఎన్ని అతుకులు తిరగ చేయాల్సి వచ్చింది. రక్షణ రహస్యమనే సాకు వీటికి చెల్లదు.

ఇదే ఒప్పందం కింద ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కట్టే మొదటి పడవ 2040ల తొలినాళ్లలో చేతికి రావాలి. దానికి అతుకులు వేయాల్సిన వాళ్లలో చాలామంది ఇప్పుడు బళ్లో ఉన్నారు.