పిల్లల భత్యం ఫైలు ఊళ్లోనే మొదలవుతుంది

భీమవరంలోనో కాకినాడలోనో వీసా కన్సల్టెన్సీ మెట్లెక్కిన దంపతులకు జీతం తరవాత చెప్పే రెండో అంకె, పిల్లల పేరు మీద అక్కడి సర్కారు ఇచ్చే సొమ్ము. కెనడాలో ఆరేళ్లలోపు బిడ్డకు ఏడాదికి 7,997 డాలర్ల వరకు, జర్మనీలో ప్రతి బిడ్డకూ నెలకు 259 యూరోలు, ఐర్లండ్‌లో 140 యూరోలు. అంకెల్లో అబద్ధం లేదు. కెనడాది 2025 జూలై నుంచి 2026 జూన్ దాకా వర్తించే గరిష్ఠం, జర్మనీది 2026 జనవరి నుంచి అమల్లో ఉన్న మొత్తం. ఎవరికి ఇస్తారు, ఎప్పటినుంచి ఇస్తారు అన్నది మాత్రం ఆ టేబుల్ దగ్గర పెద్దగా చర్చకు రాదు.

పన్ను కడుతున్నాం కాబట్టి ఇస్తారనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. బిడ్డ ఎవరింట్లో పెరుగుతోంది, తల్లిదండ్రుల వీసా మీద ఏ షరతు ఉంది అనేవి తేలాకే మిగతావన్నీ. బ్రిటన్‌నే చూడండి. స్కిల్డ్ వర్కర్ (నిపుణ ఉద్యోగి) వీసా మీద వెళ్లినవాళ్లు ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రత చందా కడతారు. ఆరోగ్య సర్‌చార్జి కింద పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు వీసాతోపాటే ముందుగా చెల్లిస్తారు. అయినా ప్రజానిధుల సాయం కోరకూడదన్న షరతు ఆ వీసాకు ఉంటుంది. అక్కడి పిల్లల భత్యమైన చైల్డ్ బెనిఫిట్ ఆ నిధుల్లోదే. బిడ్డ లండన్‌లో పుట్టినా షరతు మారదు. ఇది న్యాయంగా లేదనే నా అభిప్రాయం. అలాగని వేసి చూద్దాం, వస్తే వస్తుంది అనుకుంటే వీసా పొడిగింపు నాడు, స్థిర నివాసం నాడు ఆ దరఖాస్తే అడ్డం తిరగొచ్చు. దంపతుల్లో ఒకరికి స్థిర నివాసం వచ్చాక వాళ్ల పేరున అడగవచ్చు. ఈలోగా భయపడి వదులుకోకూడనివి కూడా ఉన్నాయి. సర్కారు బడి చదువు ఈ షరతు కిందికి రాదు. ఇంగ్లండ్‌లో మూడేళ్లు నిండిన పిల్లలకు తరవాతి టర్మ్ నుంచి వారానికి 15 గంటలు ఉచిత నర్సరీ కూడా దొరుకుతుంది.

కెనడాలో తలుపు తెరిచే ఉంటుంది గానీ గడప ఎత్తు. పీఆర్ (స్థిర నివాసం)తో దిగినవాళ్లు దిగగానే అడగవచ్చు. స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ వాళ్లు వరుసగా 18 నెలలు అక్కడ నివసించి, 19వ నెలలో కూడా చెల్లే పర్మిట్ చేతిలో ఉంచుకోవాలి. దరఖాస్తు ఫారం ఆర్‌సీ66, కొత్తగా వచ్చినవాళ్లయితే దానికి ఆర్‌సీ66 ఎస్‌సీహెచ్ అనే షెడ్యూలు జతచేయాలి. తల్లీ తండ్రీ ఒకే ఇంట్లో ఉంటే బిడ్డను చూసుకునేది ప్రధానంగా తల్లేనని అక్కడి రెవెన్యూ ఏజెన్సీ లెక్కేస్తుంది కాబట్టి ఫారం తల్లి పేరునే వెళ్లాలి. తండ్రి పేరున పంపితే తల్లి సంతకంతో లేఖ కావాలి. తల్లి ఖాతాలో పడటం వరకు మన తల్లికి వందనం లాంటిదే. తేడా ఏమిటంటే, రూపాయి సంపాదన లేకపోయినా భార్యాభర్తలిద్దరూ ఏటా పన్ను రిటర్ను వేయాలి. ఒకరు వేయకపోయినా జూలైలో సొమ్ము ఆగిపోతుంది.

ఆ షెడ్యూలులోనే డెల్టా వాళ్లు బోర్లాపడే గడి ఒకటుంది. కెనడాకు రాకముందు ప్రపంచంలో ఎక్కడ ఎంత సంపాదించారో రాయమంటుంది. ఇక్కడ సేద్యపు రాబడికి ఆదాయపు పన్ను లేదు గనక చాలామంది జీతం ఒక్కటే రాసి ఊరుకుంటారు. కౌలు సొమ్ము, కొబ్బరితోట రాబడి, రొయ్యల చెరువు లీజు అన్నీ అక్కడి లెక్కలో ఆదాయమే. నివాసి అయ్యాక ఏటా రిటర్నులోనూ చూపాలి. 2025 జూలై నుంచి 2026 జూన్ దాకా లెక్కలో ఒకే బిడ్డ ఉన్న కుటుంబానికి ఆదాయం 37,487 డాలర్లు దాటిన దగ్గర్నుంచి 81,222 డాలర్ల దాకా, దాటిన మొత్తంలో 7 శాతం చొప్పున భత్యం తగ్గుతుంది. చెరువు లీజు ఏడాదికి 3 లక్షలనుకోండి. కెనడా డాలరు 62 రూపాయల లెక్కన 4,800 డాలర్ల పైచిలుకు. దానివల్ల తగ్గే భత్యం ఏడాదికి 340 డాలర్లకు మించదు. అంత చిన్న మొత్తం కోసం ఆదాయం దాచి, తరవాత ఇచ్చినదంతా తిరగతోడించుకోవడం తెలివైన పని కాదు.

ఇదే భూమితో ఇంకో మెలిక. లీజుకిచ్చిన భూమి, బ్యాంకు డిపాజిట్లు వంటి విదేశీ ఆస్తుల ఖరీదు మొత్తం లక్ష కెనడా డాలర్లు దాటితే టీ1135 అనే ఫారం వేయాలి. పైన చెప్పిన మారకంలో అది 62 లక్షల రూపాయలు. పాలకొల్లు, భీమవరం పక్కన పొలమున్న కుటుంబానికి ఇది అందని అంకె కాదు. ఖరీదంటే తాతగారు కొన్న ధర కాదు, మీరు కెనడా నివాసి అయిన రోజున దానికున్న మార్కెట్ విలువ. మొదటిసారి నివాసి అయిన ఏడాదికి ఈ ఫారం అక్కర్లేదు గానీ, ఆ తేదీకి విలువ ఎంతో ఒక వాల్యుయేషన్ కాగితం అప్పుడే రాయించి ఉంచుకుంటే పదేళ్ల తరవాత అమ్మినప్పుడూ పనికొస్తుంది. చెరువులు చూసుకుంటూ భర్త ఇక్కడే ఉండి, పీఆర్ ఉన్న భార్య పిల్లలతో అక్కడ ఉంటే, ఇక్కడున్న భర్త ఆదాయం కూడా కలుస్తుంది. దానికి సీటీబీ9 అని వేరే ఫారం ఉంది.

ఇక అసలు చిక్కు బిడ్డ చిరునామా. కొత్త ఉద్యోగం కుదురుకునేదాకా పిల్లని అమ్మమ్మగారింట్లో ఉంచి వెళ్లడం మన దగ్గర మామూలే. ఆ నెలలకు కెనడా భత్యం రాదు, బిడ్డ మీతో ఉండాలన్నదే మొదటి నియమం గనక. జర్మనీ కూడా భారత్‌లో ఉంటున్న బిడ్డకు ఇవ్వదు. ఖర్చులన్నీ అక్కడినుంచే పంపుతున్నాం అన్న వాదన నిలవదు.

కాగితాల సంగతికొస్తే, తొలి కాన్పు పుట్టింట్లో జరగడం వల్ల బర్త్ సర్టిఫికెట్ అత్తవారి ఊళ్లో కాదు, ఆస్పత్రి ఉన్న ఊళ్లో వెతకాలి. కాపురం తణుకులోనే అయినా పురుడు అమలాపురంలో పోసుకుంటే నమోదు అమలాపురం మునిసిపాలిటీలో ఉంటుంది. చాలా సర్టిఫికెట్లలో బిడ్డ పేరు గడి ఖాళీ. పేరు చేర్చడం పుట్టిన ఏడాదిలోపు ఉచితం, తరవాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో కుదురుతుంది. తండ్రి పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరాలతో, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం, తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే మిగిలి ఉండటం అక్కడి గుమస్తాను తికమకపెట్టేవి. ఇవి బిడ్డ పాస్‌పోర్టుకు పెట్టకముందే సరిచేయించాలి. జిల్లా పేరు మాత్రం సరిచేయించబోకండి. కోనసీమ జిల్లా ఏర్పడిన 2022 ఏప్రిల్ 4కు ముందు పుట్టిన బిడ్డకు అమలాపురం తూర్పు గోదావరి జిల్లాలోదే, ఆధార్‌లో ఇప్పుడు కోనసీమ అని ఉన్నా సరే. పత్రం అసలుదేనని విదేశాలకు ధ్రువీకరించే అపొస్టిల్ ముద్ర కోసం పరుగెత్తేముందు దేశం ఏదో చూసుకోవాలి. భారత్ ముద్రను జర్మనీ గుర్తించదు.

జర్మనీలో ఆదాయ పరిమితి లేదు. నిపుణ ఉద్యోగులకిచ్చే బ్లూకార్డు ఉన్నవాళ్లకు నిరీక్షణా లేదు. చదువు వీసా మీద ఉండి ఉద్యోగం లేనివాళ్లకు సాధారణంగా రాదు. అద్దె ఇంటి చిరునామా నమోదయ్యాక తల్లిదండ్రికీ బిడ్డకీ వేర్వేరుగా పన్ను గుర్తింపు సంఖ్యలు టపాలో వస్తాయి. ఆ రెండూ లేకుండా భత్యం ఇచ్చే కార్యాలయమైన ఫామిలియన్‌కాసెలో ఫైలు కదలదు. టపా డబ్బా మీద ఇంటిపేరు అంటించకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. మన పొడవాటి ఇంటిపేర్లు డబ్బా మీద సగమే రాస్తే అదే గతి. వెనకటి బకాయి ఆరు నెలలకే ఇస్తారు కాబట్టి ఏడాది ఆలస్యం చేసినవాళ్లకు సగం పోయినట్టే.

అమెరికా హెచ్1బీ (ఉద్యోగ వీసా) కుటుంబాల్లో ఒకే ఇంట్లో రెండు లెక్కలుంటాయి. అక్కడ పుట్టిన చిన్నవాడికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటుంది గనక 2025 రిటర్నులో 2,200 డాలర్ల వరకు చైల్డ్ టాక్స్ క్రెడిట్ (బిడ్డ పేరున పన్ను తగ్గింపు) అడగవచ్చు. రాజమండ్రిలో పుట్టి హెచ్4 (కుటుంబ సభ్యుల వీసా) మీద వెళ్లిన పెద్దదానికి ఐటిన్ అనే పన్ను గుర్తింపు సంఖ్య మాత్రమే ఉంటుంది, దానికి దక్కేది 500 డాలర్ల వేరే క్రెడిట్. ఆస్ట్రేలియాలో 482 వర్క్ వీసా మీద అక్కడి పిల్లల భత్యమైన ఫ్యామిలీ టాక్స్ బెనిఫిట్ లేదు, పీఆర్ వచ్చినా అందులో పార్ట్ ఏ అనే భాగం కోసం ఏడాది ఆగాలి. కోనసీమ నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే తల్లులకైతే అక్కడ ఇలాంటి భత్యమే లేదు.

తిరిగి వచ్చేసేవాళ్లు టికెట్ కొన్నప్పుడే భత్యం ఇచ్చే కార్యాలయానికి వెళ్లిపోయే తేదీ తెలపాలి. పిల్లని బడి మధ్యలో ముందుగా పంపేసి తండ్రి ఆరు నెలలు ఉండిపోతే, లెక్కలోకి వచ్చేది పిల్ల వెళ్లిన తేదీ. ఆ తరవాత పడ్డ సొమ్ముకు వసూలు నోటీసు ఊరి చిరునామాకు కూడా వస్తుంది.