ఎర్ర ప్లాస్టిక్ కాలిపర్ కవరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎర్ర ప్లాస్టిక్ కాలిపర్ కవరు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ మీ వెనకాల కాలిపర్‌లో, అంటే చక్రంతో తిరిగే డిస్కును ప్యాడ్లతో నొక్కి కారును ఆపే ఆ పట్టకారులో, బ్రేక్ ఆయిల్ మరగడానికి సిద్ధంగా ఉంది కనుక ఆ మాట ఇక్కడ సగమే చెల్లుతుంది. మీ కుశలానికి మాత్రం లోటు లేదు. మొన్ననే వాటర్ వాష్ అయింది, తళతళలాడుతున్నారు.

మీ దర్జా ఒప్పుకోవాల్సిందే. చూడటానికి నాలుగు పిస్టన్లతో ప్యాడ్లను నొక్కే కాలిపర్. రొమ్ము మీద తెల్లటి అక్షరాల్లో ఎవరిదో ఇటలీ కంపెనీ పేరు. ముసుగు తీస్తే లోపల కంపెనీవాడిచ్చిన ఒంటి పిస్టన్ జారుడు కాలిపర్, తుప్పు రంగులో, తన పని తాను చేసుకుంటూ. మీ తమ్ముళ్ళయితే వెనక చక్రాల్లో ఏకంగా డ్రమ్ము బ్రేకుల మీదే కూర్చుని డిస్క్ వేషం కట్టారు. పైన పటారం, లోన లొటారం అన్నది మిమ్మల్ని చూసి పుట్టిన మాట కాదు గానీ, మీకు కొలిచి కుట్టినట్టుంది.

ఇంకో చమత్కారం. బండి వెనక ‘ఏబీఎస్’ అని బిళ్ళ ఉంటుంది, బ్రేక్ కొట్టినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు అది. మీరూ ఏబీఎస్సే, కాకపోతే ప్లాస్టిక్ ఏబీఎస్. మీ జాతి సుమారు 105 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. మీరు వెళ్ళి కూర్చున్నదేమో 500 డిగ్రీలు దాటగల డిస్కు పక్కన!

ఊళ్ళో తిరిగినంత కాలం మీతో మాకు పేచీ లేదు. అమీర్‌పేట సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ సాగుతూ పోయే కారుకు మీరొక బొట్టుబిళ్ళ, అంతే. పేచీ ఎక్కడంటే, ఆ కారునే శనివారం రాత్రి బయల్దేరదీసి, నెల్లూరు మీదుగా చెన్నై చేర్చి, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేసు ట్రాక్ మీదికి ట్రాక్ డే (సొంత కారును ట్రాక్ మీద వేగంగా తోలుకునే రోజు) పేరుతో వదులుతారు. మిమ్మల్ని పీకకుండానే.

అక్కడేం జరుగుతుందో లెక్కలో చూద్దాం. మనిషితో కలిపి 1200 కిలోల కారు. 160లో వస్తోంది, మలుపు ముందు 80కి దించాలి. ఆ ఒక్క నొక్కుకు వేడిగా మారే శక్తి దాదాపు 890 కిలోజౌళ్ళు. అర్థమయ్యేలా చెప్పాలంటే మూడు లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచినంత వేడి, రెండున్నర సెకన్లలో. ఎదురుగాలి కొంత పంచుకుంటుంది, దాన్ని పక్కన పెడదాం. ఇందులో నూటికి 70 వంతులు ముందు చక్రాలవే అనుకుంటే ఒక్కో ముందు డిస్కుకు 310 కిలోజౌళ్ళు. డిస్కు బరువు ఆరు కిలోలైతే దాని వేడి ఒక్క నొక్కుకే సుమారు 110 డిగ్రీలు పెరుగుతుంది. తర్వాతి మలుపు వచ్చేలోగా ఆ 110నీ గాలిలో వదిలెయ్యగలిగితే సరే. లేదంటే మిగిలినదాని మీద ఇంకో 110, దాని మీద మరొకటి. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ లాంటి చోట కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ చివర బ్రేకు కొడితే ఈ లెక్క ఇంకా ముదురుతుంది, ఎందుకంటే శక్తి వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది.

ఇంత వేడికీ ఉన్న దారి ఒక్కటే, గాలి. ఆ గాలికి అడ్డంగా కాలిపర్ ఒంటి మీద మీరు. రోహిణీ కార్తెలో జ్వరం మనిషికి రగ్గు కప్పినట్టు.

అసలు గాలి ఎక్కడికి పోవాలో మీకు తెలియకపోవచ్చు. తెలిస్తే అక్కడ కూర్చునేవారు కాదు. ముందు డిస్కు ఒక పలక కాదు, రెండు పలకలు, మధ్యలో రెక్కలు. చక్రం తిరుగుతుంటే ఆ రెక్కలు మధ్యలోంచి గాలిని పీల్చి అంచుల గుండా బయటికి విసురుతాయి. అంటే డిస్కు తనంతట తానే ఓ ఫ్యాను. మనం చెయ్యాల్సిందల్లా బంపరు నుంచి పైపు వేసి దాని నోటికి చల్లగాలి అందించడం. ఆ నోరు చాలా కార్లలో లోపలి వైపు, హబ్ (చక్రాన్ని బిగించే మధ్య దిమ్మ) చుట్టూ ఉండే సందు. కొన్ని డిస్కులకు బయటి వైపు, చక్రం ఊచల కేసి ఉంటుంది. చక్రం విప్పి, చల్లారిన డిస్కులో వేలు పెట్టి చూసుకోకుండా పైపులు కొనేవాళ్ళున్నారు. వాళ్ళు మీ అభిమానులే అయి ఉంటారు. నోరు బయటి వైపు ఉంటే వెనక నుంచి ఎంత ఊదినా రెక్కల్లోకి పోయేది తక్కువే. రెక్కలు వంపు తిరిగిన డిస్కులైతే ఎడమది ఎడమకే, కుడిది కుడికే. కారు ముందుకు పోతున్నప్పుడు రెక్కల బయటి కొసలు వెనక్కి వాలినట్టుండాలి. తారుమారు చేస్తే ఆ ఫ్యాను సరిగా తోడదు.

ఇక పైపు సంగతి. దీని మీద కాసేపు నిలబడదాం, మీ పదవికి నిజమైన పోటీదారు ఇదే. బంపరు ముఖంలో, కారు మధ్యకు దగ్గరగా, గాలి సూటిగా గుద్దుకునే చోట దీనికి నోరు పెట్టాలి. ఫాగ్ ల్యాంప్ తీసిన గుంత సులువైన చోటు. బంపరు మరీ మూలకు పోతే గాలి అప్పటికే పక్కకు జారుకుంటూ ఉంటుంది. కింద వేలాడే తొట్టిలాంటి నోరు గాలితో పాటు కంకరా మింగుతుంది. పైపు 3 అంగుళాలది అయితే మంచిది, పట్టకపోతే రెండున్నర. అర అంగుళమే కదా అనుకోవద్దు, 3 అంగుళాల పైపు నోటి వైశాల్యం రెండున్నరదాని కంటే 44 శాతం ఎక్కువ. బంపరులో చేసిన కన్నం పైపు కంటే చిన్నదైతే ఈ లెక్కంతా గంగపాలు.

పైపు సరుకు గాజునార మీద సిలికాన్ పూసింది, లోపల తీగ చుట్ట ఉన్నది కావాలి. వంటింటి చిమ్నీకి పెట్టే అల్యూమినియం ముడతల పైపు చవకే, కానీ కారు అదురుకు మడతల దగ్గర చిరిగి, రెండో సెషన్‌కల్లా పీలికలవుతుంది. వాషింగ్ మెషీన్ పైపైతే వేడికి మెత్తబడి మూసుకుపోతుంది. పైపు పొట్టిగా, వంపులు తక్కువగా పోవాలి. ప్రతి వంపూ గాలికి ఒక టోల్‌గేటు.

బిగించాక అసలు పరీక్ష ఉంది. కారు జాకీ మీద ఉండగా స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. తర్వాత చక్రం కింద జాకీ పెట్టి సస్పెన్షన్ పూర్తిగా పైకి లేపి మళ్ళీ అదే తిప్పుడు. టైరు ఎక్కడో ఒకచోట పైపును తాకుతుంది. తాకకపోతే సరిగా తిప్పలేదన్నమాట. అక్కడ పైపును జరిపి, పక్కకు లాగి కట్టాలి. బ్రేక్ గొట్టానికీ ఏబీఎస్ సెన్సరు వైరుకూ మాత్రం ఎప్పుడూ కట్టకూడదు.

రెండో కొస డిస్కు వెనక రేకు దగ్గరికి వస్తుంది. ఆ డస్ట్ షీల్డ్ పుణ్యాత్మురాలు. రాళ్ళు రాకుండా కాపాడుతుంది, డిస్కు వేడి నేరుగా బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు) రబ్బరును మాడ్చకుండా అడ్డుకుంటుంది. గాలినీ కాస్త అడ్డుకుంటుంది, అది నిజం. అందుకని రేకు మొత్తం పీకి పారేసేవాళ్ళకు వేడి తగ్గినట్టే అనిపిస్తుంది, కొన్నాళ్ళకు బాల్ జాయింట్ రబ్బరు పగిలి గ్రీజు కారుతుంది. తియ్యాల్సింది రేకును కాదు, నోటికి ఎదురుగా ఉన్న ముక్కను. ఆ కన్నానికి పైపుకు సరిపడే గొట్టం ముక్క వెల్డింగ్ చేయించి, దాన్ని హబ్ చుట్టూ ఉన్న సందుకేసి గురిపెట్టాలి. లేదా ఒకటిన్నర మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో కొత్తది కత్తిరించి, పాత బోల్టు కన్నాలకే బిగించాలి. డిస్కుకూ రేకుకూ మధ్య అర సెంటీమీటరు చాలు. ఎక్కువైతే గాలి పక్కల నుంచి జారిపోతుంది, తక్కువైతే చిన్న గులకరాయి ఇరుక్కుని కీచుమంటుంది.

గొట్టాన్ని డిస్కు ముఖం మీదికే ఊదేలా పెడితే మాత్రం లోపలి పలక చల్లబడి, బయటిది కాలుతూ ఉంటుంది. డిస్కు గొడుగులా వంగడం, పగుళ్ళు బారడం అక్కడే మొదలు. కాలిపర్ కోసం కావాలంటే సన్న పైపు వేరే తీసుకోవాలి.

ఇంత తతంగం వద్దనుకునేవాళ్ళకు పోర్షే వాళ్ళ జీటీ3 కారు ఒక దారి చూపింది. సస్పెన్షన్ కింది ఆర్మ్‌కు తగిలించే ప్లాస్టిక్ తెడ్డు, కారు కింద పారే గాలిని పట్టి డిస్కు వైపు మళ్ళిస్తుంది. పైపు లేదు, టైరుకు తగలడం లేదు, ఆర్మ్‌తో పాటే పైకీ కిందికీ ఆడుతుంది. గమనించండి, అదీ ప్లాస్టిక్కే. మీ వర్ణం కాదు, నల్లటిది, ఎవరికీ కనపడని చోట ఉంటుంది. అయినా పని చేస్తుంది.

మీ చుట్టాల ఊసు కూడా ఎత్తాలి. కన్నాల డిస్కు గారు మీకు వరసకు బావగారు కదా. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, రేసు కార్లను చూసి ఒళ్ళంతా కన్నాలు పొడిపించుకుని వస్తారు. కన్నాలు తొలిచినకొద్దీ వేడి దాచుకునే ఇనుము తగ్గుతుంది, ట్రాక్ మీద పగుళ్ళు ఆ కన్నాల అంచుల నుంచే పాకుతాయి. మామూలు నున్నటి డిస్కు, లేదా పైపైన గాడులు గీసిన డిస్కు మేలు. అంచున ముద్ర వేసిన కనీస మందం చూడాలి. ట్రాక్‌కు అంత సన్నబడేదాకా ఆగకూడదు, సన్నబడ్డ డిస్కు తొందరగా కాలుతుంది.

ఇప్పుడు మీ వెనక మరుగుతున్న పెద్దమనిషి. బ్రేక్ ఆయిల్‌కు నీళ్ళంటే ప్రాణం, గాలిలో తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. నెల్లూరు, చెన్నై తీరపు గాలి సంగతి చెప్పక్కర్లేదు. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హామీ 155కి పడిపోతుంది. డాట్ 5.1కి ఇవే 260, 180. రేసింగ్ కోసం చేసినవి కొత్తగా ఉంటే 300 దాటినా తట్టుకుంటాయి. డాట్ 5 అన్న పేరు చూసి ఇంకా గొప్పదనుకుని పోస్తే కొంప మునుగుతుంది. అది సిలికాన్ ఆయిల్, మిగతావాటితో కలవదు. డబ్బా ఒకసారి తెరిచాక మిగిలింది దాచుకోవద్దు. ట్రాక్‌కు వెళ్ళే ముందు లీటరు తెచ్చి నాలుగు చక్రాల దగ్గరా పాతదంతా పోయేదాకా బ్లీడింగ్ చేయించాలి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగాలి. మీ ఎరుపు కూడా దానికి లెక్క కాదు.

బ్రేకు పట్టనప్పుడు మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న పెడల్ గురించే. పెడల్ స్పాంజిలా కిందికి దిగిపోయిందంటే ఆయిల్ మరిగి ఆవిరయింది. నొక్కితే ఆవిరి కుంచించుకుపోతుంది, ఆయిల్ కుంచించుకోదు. పెడల్ రాయిలా గట్టిగానే ఉండి కారు ఆగడం లేదంటే ప్యాడ్లు వాటి హద్దు దాటి కాలాయి. మొదటిదానికి మందు ఆయిల్, రెండోదానికి ట్రాక్ ప్యాడ్లు. రెండింటికీ గాలి. ప్యాడ్ సగం అరిగిందంటే ట్రాక్ వరకు దాని పని అయిపోయినట్టే. పలచబడ్డకొద్దీ వేడి నేరుగా పిస్టన్‌కూ, దాని వెనక ఆయిల్‌కూ పోతుంది.

ఇదంతా పనిచేస్తోందో లేదో తేల్చేది వేడి రంగులు. డిస్కు అంచుకు ఆకుపచ్చ, నారింజ, ఎరుపు చుక్కలు పెడతారు. 430 డిగ్రీలకు ఆకుపచ్చ, 560కి నారింజ, 610కి ఎరుపు తెల్లబారిపోతాయి. చూశారా, ఎరుపంటే ఇక్కడ ఒక కొలత. కాలిపర్ ఒంటికి వేడి పట్టీ అంటిస్తారు. ఎంత దాకా వెళ్ళిందో ఆ గడి నల్లబడి అలాగే ఉండిపోతుంది. ఆ పట్టీ అంటించాల్సిన చోటు సరిగ్గా మీరు కూర్చున్న చోటే. పైపులు పెట్టాక డిస్కు మరీ చల్లగా ఉండిపోతే, ట్రాక్ ప్యాడ్లు వేడెక్కక పట్టవు. అప్పుడు బంపరు నోటికి సగం టేపు వెయ్యాలి. వానరోజూ, ఇంటికి తిరుగు ప్రయాణంలోనూ పూర్తిగా మూసెయ్యొచ్చు.

కాబట్టి మనవి. చక్రం విప్పాక మీ వెనక సిలికాన్ జిగురు పట్టు వదిలించుకుని మర్యాదగా లేచి రండి. లేవకపోతే మూడో ల్యాప్‌లో మీరే కరిగి వదులుతారు. అప్పుడు చక్రానికీ కాలిపర్‌కూ మధ్య ఇరుక్కుని రిమ్ము లోపలంతా గీరి, వాల్వు కూడా తెగ్గొట్టగలరు. అంత కీర్తి మీకెందుకు?

ఇట్లు,
మీ వెనక ఏముందో చూసిన వాళ్ళు

తా.క.: సెషన్ చివరి ల్యాప్ బ్రేకులు వాడకుండా మెల్లగా తిప్పుకుని రావాలనీ, పిట్‌లో ఆగాక హ్యాండ్ బ్రేక్ లాగకుండా, పెడల్ మీద కాలు పెట్టకుండా, గేరులో వదిలి చక్రం కింద రాయి పెట్టాలనీ మీ యజమానికి చెప్పండి. కాలుతున్న డిస్కును ప్యాడ్లు పట్టుకుని ఉంటే ఆ మేరకు ప్యాడ్ సరుకు అంటుకుపోతుంది. తర్వాత స్టీరింగ్ వణుకుతుంది, ‘డిస్కు బెండ్ అయింది’ అంటారు.

ఇంకొకటి. కాలిపర్‌లోంచి పాత ఆయిల్ వదిలే బ్లీడ్ నిపుల్ మీద ఉండాల్సిన చిన్న రబ్బరు టోపీ కనపడటం లేదు. మీకు చోటు సరిపోవడం లేదని ఎవరో పీకేసినట్టున్నారు. ఎక్కడ పెట్టారో చెప్పి వెళ్ళండి.